రెక్కాడినంత మాత్రాన కరగదు

పొద్దున్నే చేనికి పోయి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా వంగి లేచే మనిషికి కొవ్వు ఎక్కడిది? అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం చుట్టుపక్కల పల్లెల్లో కొలెస్ట్రాల్ మాట ఎత్తితే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. "అది ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ల జబ్బు, మనకెందుకు వస్తుంది" అన్న జవాబు కూడా ఆ ప్రశ్న వెంటే సిద్ధంగా ఉంటుంది. మీరూ అలాగే అనుకుంటూ ఉండవచ్చు. లేదా అనంతపురంలో ఏదో నొప్పికి రక్తపరీక్ష చేయించుకుంటే, రిపోర్టులో ఒక అంకె నల్లగా, లావుగా కనబడి ఉండవచ్చు. దాన్ని మడిచి బీరువాలో పెట్టేసి, మళ్లీ ముట్టుకోకుండా ఉండి ఉండవచ్చు. ఈ అధ్యాయం ఇద్దరి కోసమూ రాసిందే. ఇందులో చెప్పదలచుకున్నది ఒక్కటి: ఒళ్లు వంచి పనిచేయడం ఎన్నో విధాల మేలు చేస్తుంది గానీ, రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను అదొక్కటే దించలేదు. ఆ అంకె ఎంతో తెలుసుకోవాలి, ఎక్కువుంటే దించాలి, దించినదాన్ని ఏళ్ల తరబడి కాపాడుకోవాలి. మిగిలిన సలహాలన్నీ ఈ మూడు పనుల కిందికే వస్తాయి.

కష్టజీవులకు రాదన్న మాట ఎంతవరకు నిజం?

ఈ నమ్మకానికి గట్టి పరీక్ష ఫిన్లాండ్ దేశంలో జరిగింది. 1960లలో, 70లలో గుండెజబ్బుతో మగవాళ్లు అత్యధికంగా చనిపోతున్న చోట్లలో ఆ దేశపు తూర్పు ప్రాంతం ఒకటి. అక్కడి మనుషులు కుర్చీ పనివాళ్లు కాదు. అడవిలో చెట్లు నరికేవాళ్లు, పశువులు సాకేవాళ్లు, సేద్యం చేసేవాళ్లు. అంత శ్రమ చేసినా గుండెపోటు ఎందుకు వచ్చింది? రొట్టె మీద దట్టంగా వెన్న, వెన్న తీయని పాలు, కొవ్వున్న మాంసం తినేవాళ్లు. దానికి తోడు పొగ తాగేవాళ్లు. రక్తంలో కొలెస్ట్రాల్ చాలా ఎక్కువగా ఉండేది. 1972లో అక్కడ నార్త్ కరేలియా ప్రాజెక్ట్ మొదలైంది. వెన్న తగ్గించి నూనెకు మారడం, పొగ మానడం, బీపీ అదుపులో పెట్టుకోవడం ఊరూరా నేర్పారు. నాలుగు దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఏళ్లలో వాళ్ల పనిలో శారీరక శ్రమ పెరగలేదు. యంత్రాలు వచ్చి ఇంకా తగ్గింది. తగ్గిన మరణాల్లో పెద్ద వాటా కొలెస్ట్రాల్ దిగడం వల్లనే వచ్చింది.

"మరి శ్రమకు విలువే లేదా?" అని మీరు అడగవచ్చు. ఉంది. దక్షిణ అమెరికాలోని బొలీవియా అడవుల్లో త్సిమానే అనే జాతి వాళ్లున్నారు. వేట, చేపలు, చిన్న సేద్యంతో రోజులో ఎక్కువ భాగం కదులుతూనే ఉంటారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం అంతవరకు పరీక్షించిన ఏ జనంలోనూ గుండె రక్తనాళాలు అంత శుభ్రంగా లేవు. అయితే వాళ్లు కదలడంతో పాటు కొవ్వు తక్కువున్న తిండి తింటారు, పొగ దాదాపు తాగరు. వాళ్ల ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) సగటు డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ కష్టజీవులే. అంకె తక్కువున్న చోట నాళాలు బాగున్నాయి, ఎక్కువున్న చోట పూడిపోయాయి. శ్రమ మంచి అంకెకు తోడు నిలుస్తుంది, చెడ్డ అంకెకు విరుగుడు కాదు.

ఎక్కడో ఫిన్లాండ్, బొలీవియా మనకెందుకంటారా? మన తెలుగు పల్లెల లెక్కే చూద్దాం. 2003–04లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాది పాటు మరణాలకు కారణాలు వెతికారు. నమోదైన 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. "అది కాలవల కింద మూడు పూటలా వరన్నం తినే డెల్టా. మాది ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా నమ్మకంగా కురవని మెట్ట" అని మీరు అనవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. కానీ ఐసీఎంఆర్–ఇండియాబ్ పేరుతో దేశంలోని పల్లెల్లో, పట్నాల్లో చేసిన పెద్ద సర్వే 2023లో వెలువడింది. పెద్దవాళ్లలో నూటికి 81 మందికి రక్తంలోని కొవ్వుల్లో ఏదో ఒకటి తేడాగా ఉంది. 21 మందికి ఎల్‌డీఎల్ ఎక్కువ, 32 మందికి మరో రకం కొవ్వయిన ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, 67 మందికి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తక్కువ. మొదటి గుండెపోటు వచ్చే వయసు కూడా మన ఉపఖండంలో ముందే ఉంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు అది మధ్యస్థంగా 53 ఏళ్లకు వచ్చింది. మిగతా దేశాల వాళ్లకు దాదాపు 59కి వచ్చింది. ఆరేళ్లు ముందు అంటే పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా చేతిలో ఉన్న వయసు.

పైగా మన శ్రమ కూడా పాత లెక్కన లేదు. దుక్కి ట్రాక్టర్ దున్నుతుంది. చేనిదాకా బైక్ పోతుంది. బోరు మోటార్ మీట నొక్కితే నీళ్లొస్తాయి. విత్తనం వేసేటప్పుడు, కాయ పీకేటప్పుడు ఒళ్లు హూనమవుతుంది నిజమే. వాన రాని ఏడాది, పంట లేని నెలల సంగతేమిటి? తిండీ మారింది. కొర్ర, జొన్న, సజ్జ, రాగి పండిన నేలలో వేరుశనగ పరుచుకుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక వరన్నం పేదింటి పళ్లెంలోనూ నిలబడిపోయింది. ఆకలి తీర్చిన ఆ మార్పును తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ సంగటి ముద్ద తిని నాగలి పట్టినవాళ్ల ధైర్యాన్ని, పాలిష్ బియ్యం తిని బైక్ మీద పోయేవాళ్లం అప్పుగా తెచ్చుకుంటే కుదరదు.

ఒక్క పూట లెక్క కాదు, ఏళ్ల లెక్క

కొలెస్ట్రాల్ విషం కాదు. ప్రతి కణం గోడకూ, హార్మోన్లకూ, పైత్యరసానికీ అది కావాలి. ఎక్కువ భాగం మన కాలేయమే తయారు చేసుకుంటుంది. రక్తంలో దాన్ని మోసుకుపోయే రేణువుల్లో ఎల్‌డీఎల్ అనేవి ఎక్కువైతే నాళాల గోడల్లోకి దూరి అక్కడే ఉండిపోతాయి. ఈ వ్యవహారాన్ని బుక్కరాయసముద్రం చెరువు మీద పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పద్నాలుగో శతాబ్దంలో, మొదటి బుక్కరాయల కాలంలో కట్టిన ఆ చెరువులో పూడిక ఒక్క వానకు చేరింది కాదు. వచ్చిన ప్రతి ప్రవాహం కాస్త ఒండ్రు వదిలి పోయింది. నీళ్లలో మట్టి ఎంత, అలాంటి నీళ్లు ఎన్నేళ్లు వచ్చాయి అన్న రెండే పూడికను నిర్ణయిస్తాయి. నాళాల్లోనూ అంతే. ఎల్‌డీఎల్ ఎంత ఉంది, ఎన్నేళ్లుగా ఉంది అన్నదే అసలు లెక్క. కాబట్టి పండగనాడు రెండు ఓళిగలు తిన్నందుకు భయపడడమూ, మరుసటి రోజు ఉపవాసం ఉండి సరిపోయిందనుకోవడమూ రెండూ అర్థం లేనివే. ముప్పయ్యేళ్ల వయసులో అంకె ఎక్కువున్నవాడు "ఇప్పుడే ఏం తొందర" అనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఏళ్లు ఎక్కువ మిగిలి ఉన్నవాడికే తగ్గించడం వల్ల లాభం ఎక్కువ.

"నాకు ఏ బాధా లేదు కదా" అన్న మాట ఈ జబ్బు దగ్గర చెల్లదు. నాళం చాలావరకు మూసుకుపోయేదాకా నడిచినా, బరువెత్తినా ఛాతీలో ఏమీ తెలియకపోవచ్చు. కొందరిలో సగమైనా మూసుకోని చోటే, నాళం గోడలో కొవ్వు పేరుకున్న పొక్కు చిట్లి, రక్తం గడ్డకట్టి, మొదటి సూచనే గుండెపోటుగా వస్తుంది. కనురెప్పల దగ్గర పసుపు మచ్చల్లాంటి గుర్తులు కొద్దిమందికే కనబడతాయి. మిగతావాళ్లకు రక్తపరీక్ష ఒక్కటే దారి. సన్నగా ఉండడం కూడా భరోసా కాదు. ఎల్‌డీఎల్‌ను నిర్ణయించడంలో పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్ర పెద్దది.

రిపోర్టును ఇలా చదవండి

లిపిడ్ ప్రొఫైల్ అని అడిగి చేయించుకోండి. కాగితం చేతికి వచ్చాక ఈ వరుసలో చూడండి. అంకెలన్నీ డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల్లో ఉంటాయి.

1. ముందు ఎల్‌డీఎల్ చూడండి. టోటల్ కొలెస్ట్రాల్ చూసి సంతోషపడడమో, దిగులుపడడమో వద్దు. వేరే ప్రమాదాలేవీ లేనివాళ్లకు 100 లోపు ఉంటే మంచిది. షుగర్ లాంటి ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లకు 70 లోపు, ఇప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు 55 లోపు ఉండాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఒకే అంకె ఒకరికి ఫరవాలేదు, పక్కింటాయనకు ప్రమాదం కావడం ఇందువల్లనే.

2. తర్వాత టోటల్ నుంచి హెచ్‌డీఎల్ తీసేయండి. మిగిలింది నాన్-హెచ్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకు ఇది మరింత నమ్మదగిన లెక్క. పైన చెప్పిన ఒక్కో హద్దుకూ 30 కలిపితే దీని హద్దు వస్తుంది.

3. ట్రైగ్లిజరైడ్లు 150 దాటాయా చూడండి. ఇవి నెయ్యి కన్నా తెల్లన్నం, చక్కెర, కూల్‌డ్రింకులు, మద్యం, అదుపు తప్పిన షుగర్ వల్లనే ఎక్కువ పెరుగుతాయి. "నేను నూనె ముట్టను, అయినా ఎందుకు పెరిగింది?" అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇక్కడే ఉంటుంది.

4. హెచ్‌డీఎల్ తక్కువగా ఉంటే దాన్ని మాత్రలతో పెంచే ప్రయత్నం చేయకండి. అలా పెంచినా గుండెకు మేలు జరిగినట్టు పెద్ద పరీక్షల్లో తేలలేదు. పొగ మానడం, నడక, నడుము చుట్టుకొలత తగ్గించుకోవడం మీ చేతిలో ఉన్న పనులు.

5. ఎల్‌డీఎల్ 190 కానీ అంతకు మించి కానీ ఉంటే అది తిండి ఒక్కదాని వల్ల వచ్చింది కాకపోవచ్చు, వంశంలో ఉండి ఉండవచ్చు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించండి. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి ఆ పరీక్ష గురించీ డాక్టర్‌ను అడగండి.

తరచూ జరిగే పొరపాట్లు

మొదటిది, బీపీ, షుగర్ చూపించుకుని అన్నీ చూపించుకున్నామనుకోవడం. ఒక చిన్న సందర్భం ఊహించుకోండి. కొడుకు ఫోన్లో "నాయనా, ఒకసారి రక్తం ఇచ్చి రాపో" అంటాడు. "ఇచ్చినాలే రా, నర్సమ్మ ఇంటికొచ్చి చూసింది, ఏం లేదనింది" అంటాడు తండ్రి. ఆయన అబద్ధం ఆడలేదు. ముప్పయ్యేళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వం ఊళ్లో చేసే పరీక్షల్లో బీపీ, షుగర్, కొన్ని క్యాన్సర్లు ప్రధానంగా ఉంటాయి. వేలి మీద సూది గుచ్చి చూసిన ఆ చుక్క రక్తంలో కొలెస్ట్రాల్ లెక్క లేదు. దాన్ని విడిగా అడగాలి. అడగకపోతే ఎవరూ మీ ఇంటికి తెచ్చివ్వరు.

రెండోది, "వస్తే చూసుకుందాం, ఆపరేషన్ ఉచితమే కదా" అనుకోవడం. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట అమలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే అవస్థను ఆ పథకం ఎన్నో ఇళ్లకు తప్పించింది. కానీ స్టెంట్ చేసే పని ఏమిటి? మూసుకున్న ఒక చోటును తెరుస్తుంది. అంతే. మిగతా నాళాల్లో జరుగుతున్నది ఆగదు, ఎల్‌డీఎల్ ఒక్క మిల్లీగ్రాము తగ్గదు. స్టెంట్ తర్వాత కూడా అవే కొలెస్ట్రాల్ మాత్రలు, అదే తిండి జాగ్రత్త. ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టగల పనిని, ఆపరేషన్ తర్వాత బలహీనపడిన గుండెతో మొదలుపెడితే ఏం లాభం? పైగా గుండెపోటు వచ్చినవాళ్లందరూ ఆసుపత్రి గడప దాకా చేరరు.

మూడోది, నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అన్న మాట నమ్మి ధారాళంగా పోయడం. చెట్టు నుంచి, గింజ నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, అది గొప్పేమీ కాదు. ఎల్‌డీఎల్‌ను పెంచేది ప్రధానంగా సంతృప్త కొవ్వు. అది పామాయిల్‌లో దాదాపు సగం, వేరుశనగ నూనెలో ఐదో వంతు లోపు ఉంటుంది. కాయ మార్కెట్‌కు పంపి పామాయిల్ ప్యాకెట్ ఇంటికి తెచ్చుకునే వేరుశనగ రైతు ఈ అంకెలు ఒకసారి తూకం వేసి చూసుకోవాలి. ధర తేడా ఉంది, కాదనలేం. అయితే మంచి నూనె తక్కువ కొని తక్కువ వాడితే ఖర్చూ సర్దుకుంటుంది, గుండెకూ మేలు.

నాలుగోది, గుడ్డును దొంగగా నిలబెట్టడం. ఒక గుడ్డులో సుమారు 190 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజం. కానీ తిండిలోని కొలెస్ట్రాల్ రక్తంలోని అంకెను కదిలించేది కొంతే, సంతృప్త కొవ్వే ఎక్కువ కదిలిస్తుంది. చాలామందికి రోజుకొక ఉడికించిన గుడ్డు ఇబ్బంది కాదు. ఎల్‌డీఎల్ బాగా ఎక్కువున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఎన్ని తినవచ్చో డాక్టర్‌ను అడగడం మేలు. గుడ్డు మానేసి, అదే చేత్తో బేకరీ పఫ్ తినేవాళ్లు మాత్రం లెక్క తప్పినట్టే.

వంటింట్లో ఏం మార్చాలి?

నూనె నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే దాన్ని కొలవడం తేలిక. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి పైనుంచి వేసుకునే నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు లెక్క వేస్తే దాదాపు మూడున్నర లీటర్లు. మీ ఇంటికి నెలకెన్ని లీటరు ప్యాకెట్లు వస్తున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ఆరు వస్తుంటే ఏ కూరలో ఎంత వేయాలని రోజూ వాదించుకోనక్కర్లేదు. ముందుగా నాలుగే తెచ్చి, ఒకటో తారీఖునాడు డబ్బాలో పోసి, అవే నెలంతా సరిపెట్టండి. నియమం వంటచేసే ఆమె నెత్తిన పడకుండా ఇంటిల్లిపాదిదీ కావాలి. "మీ నాయనకు విడిగా చప్పిడి కూర" అన్న ఏర్పాటు ఎన్నాళ్లో సాగదు.

వేరుశనగ మాటేమిటి? "శెనక్కాయలు తింటే కొవ్వు పడుతుంది" అన్న భయం వల్ల చేతిలో ఉన్న మంచి తిండిని వదులుకోకండి. గింజలో దాదాపు సగం నూనే అయినా అందులో ఎక్కువ భాగం అసంతృప్త కొవ్వు. పోషకాహార సంస్థ పళ్లెంలో నట్స్‌కు, నూనెగింజలకు కలిపి రోజుకు 35 గ్రాములు కేటాయించింది కూడా. ఉడకబెట్టినవో, వేయించినవో గుప్పెడు తినండి, ఊరిబిండి చేసుకోండి. అయితే అవి బజ్జీ బదులు తినాలి, బజ్జీతో పాటు కాదు. ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన గిర్నార్–4, గిర్నార్–5 రకాల నూనెలో ఓలియిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది. గుండెకు అనుకూలమైనది, త్వరగా కనరెక్కనిది. సొంత వాడకానికి కొంత విత్తుకోవాలనుకునే రైతులు వీటి గురించి రేకులకుంట పరిశోధనా కేంద్రంలోనో, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలోనో వాకబు చేయవచ్చు.

ఉగ్గాని, బజ్జీ సీమ ప్రాణం. ఉగ్గానిని వదలనక్కర్లేదు, దాని పక్కన కూర్చునే బజ్జీనే వారానికొకసారికి జరపండి. ఒకే నూనెను మళ్లీ మళ్లీ మరిగిస్తే అందులో చెడ్డ పదార్థాలు చేరతాయి. అలా మరిగిన నూనెకు ఆహార భద్రతా సంస్థ 2018లోనే హద్దు పెట్టింది. నూనె నల్లబడి, నురుగు కడుతూ ఉంటే ఆ బండి దగ్గర ఆగకండి. డాల్డా వాడే మిఠాయిలు, పఫ్‌ల విషయంలోనూ అదే జాగ్రత్త. 2022 నుంచి నూనెల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం దాటకూడదన్న నియమం ఉంది. కానీ ట్రాన్స్‌ఫ్యాట్ తగ్గిన వనస్పతిలో సంతృప్త కొవ్వు మాత్రం ఉంటూనే ఉంటుంది.

చిరుధాన్యాలకు తిరిగి వెళ్లమన్న సలహా మీరు వినే ఉంటారు. ఆధారం ఉందా? 2021లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు జాతీయ పోషకాహార సంస్థతో కలిసి 19 అధ్యయనాలను కూడి చూస్తే, చిరుధాన్యాలు తిన్నవాళ్లలో టోటల్ కొలెస్ట్రాల్ 8 శాతం, ఎల్‌డీఎల్ దాదాపు 10 శాతం తగ్గాయి. అన్నీ కలిపినా పాల్గొన్నవాళ్లు 900 మంది దాకానే కాబట్టి దీన్ని మంత్రంగా చూడకండి. రోజుకొక పూట కొర్రన్నమో, రాగి సంగటో తినండి. పక్కన ఉలవచారు, అలసందలు, అనపగింజలు, ఆకుకూర పప్పు పెట్టుకోండి. వీటిలోని కరిగే పీచు పైత్యరసంతో పాటు కొలెస్ట్రాల్‌ను పేగుల్లోనే పట్టుకుని బయటికి పంపుతుంది. దాన్ని భర్తీ చేయడానికి కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. అయితే సంగటితో మూడు గరిటెల కొవ్వు తేలే మాంసం పులుసు పోసుకుంటే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. నాటుకోడి తోలు తీసి వండుకోండి. మటన్ వారానికో, రెండు వారాలకో ఒకసారి చాలు. తలకాయ, పేగులు, కొవ్వు ముక్కలు పండగలకు ఉంచండి.

"వెల్లుల్లి, మెంతులు చాలవా?" కొంచెం పనిచేస్తాయి, అంకె కొంచెం ఎక్కువున్నవాళ్లకు తోడుగా ఉంటే తప్పు లేదు. 180 ఉన్న ఎల్‌డీఎల్‌ను 70కి దించడం వాటి వల్ల కాదు. తిండి మొత్తం మార్చుకున్నా చాలామందికి దిగేది పది, పదిహేను శాతం. అందుకే తిండి మార్చినా దిగలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. తయారుచేసేది మీ కాలేయం, దానికి మందు అవసరం పడవచ్చు.

మాత్ర వేసుకోవాలంటే భయమా?

కొలెస్ట్రాల్ దించే స్టాటిన్ మాత్రల మీద ఉన్నన్ని అపోహలు మరే మందు మీదా లేవేమో. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకీరా ఎండో ఒక బూజు నుంచి ఈ జాతి మందును మొదట కనిపెట్టాడు. 1987 నుంచి ఇవి వాడుకలో ఉన్నాయి. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద జరిగిన పరీక్షలో మాత్ర వేసుకున్నవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గాయి. ఆ తర్వాత లక్షమందికి పైగా పాల్గొన్న పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ ప్రతి 39 మిల్లీగ్రాములు తగ్గినప్పుడు గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతు తగ్గుతున్నాయి. "లివర్ పాడవుతుంది" అన్నది మొదటి భయం. తీవ్రమైన నష్టం చాలా అరుదు. మొదట్లో ఒక రక్తపరీక్షతో డాక్టర్ దాన్ని గమనించగలరు. "ఒళ్లు నొప్పులు వస్తాయి" అన్నది రెండోది. కొందరికి నిజంగా వస్తాయి. కానీ నొప్పుల వల్లే స్టాటిన్ మానేసిన 60 మంది మీద బ్రిటన్‌లో చేసిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. వాళ్లకు కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. ఏది ఇస్తున్నదీ వాళ్లకు తెలియదు. అసలు మాత్రతో వచ్చిన బాధలో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చింది. కాబట్టి నొప్పి వస్తే మాత్ర పారేయకండి, డాక్టర్‌కు చెప్పండి. మోతాదు తగ్గించవచ్చు, రకం మార్చవచ్చు, వేరే మందు తోడివ్వవచ్చు. షుగర్ స్వల్పంగా పెరగడం మరొకటి. దానివల్ల జరిగే నష్టం కన్నా గుండెకు దక్కే రక్షణ ఎక్కువ. గర్భం దాల్చినవాళ్లు, దాల్చాలనుకునేవాళ్లు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు, అంకె నార్మల్‌కు వచ్చిందని మాత్ర మానేయడం. నార్మల్‌గా ఉన్నది మాత్ర వల్లనే. మానేస్తే కొద్ది వారాల్లో పాత అంకె తిరిగి వస్తుంది. "జీవితాంతం వేసుకోవాలా?" అంటే చాలామందికి అవును. ఏళ్ల తరబడి పోగయ్యేదాన్ని ఒక నెల కోర్సుతో ఆపలేం కదా. ఖర్చు భయం ఉంటే జన ఔషధి కేంద్రంలో అదే మందు జనరిక్ పేరుతో ఎంతకు వస్తుందో అడగండి.

మొదటి మూడు నెలల్లో ఏడు పనులు

1. ఈ వారంలోనే లిపిడ్ ప్రొఫైల్, షుగర్, బీపీ చూపించుకోండి. కొలెస్ట్రాల్ పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వస్తే పరగడుపున మళ్లీ చేస్తారు.

2. రిపోర్టు పట్టుకుని డాక్టర్‌ను ఒకే ప్రశ్న అడగండి: "నా లెక్కన నా ఎల్‌డీఎల్ ఎంతకు దిగాలి?" ఆ అంకెను రిపోర్టు మీదే రాయించుకోండి.

3. నెల నూనె కొలత పెట్టండి. పామాయిల్, వనస్పతి ఇంట్లోకి రానివ్వకండి.

4. రోజుకొక పూట తెల్లన్నం బదులు సంగటో, కొర్రన్నమో, జొన్నరొట్టో పెట్టండి. పప్పుగింజలు రోజూ ఉండాలి.

5. చేని పని లేని రోజుల్లో అరగంట చురుగ్గా నడవండి. ఇది ఎల్‌డీఎల్‌ను పెద్దగా దించకపోయినా ట్రైగ్లిజరైడ్లు, బీపీ, షుగర్, నడుము కొలత మీద పనిచేస్తుంది.

6. బీడీ, సిగరెట్, గుట్కా మానండి. తగ్గించడం దగ్గర ఆగకండి.

7. మాత్ర రాసిస్తే రోజూ ఒకే వేళకు వేసుకోండి. నెల నుంచి మూడు నెలల లోపు మళ్లీ పరీక్ష చేయించండి. డాక్టర్ చెప్పిన అంకెకు దిగకపోతే మందు మార్చమని అడగడం మీ హక్కు.

ఏడూ ఒకేసారి మొదలుపెట్టలేకపోతే మొదటి రెండూ ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. తక్కిన ఐదింటిలో మీకు ఏది ముందో, ఏది తర్వాతో ఆ రెండే తేలుస్తాయి. మధ్యలో ఒక నెల తప్పితే ఏమవుతుంది? ఇరవై ఏళ్ల లెక్కలో ఒక నెల చిన్నదే. మళ్లీ మొదలుపెట్టండి. తప్పినదాన్ని సాకుగా చేసుకుని మొత్తం వదిలేయడమే అసలు నష్టం. ఛాతీలో పట్టేసినట్టు, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినట్టు, చెమటలు పట్టి ఊపిరాడనట్టు అనిపిస్తే మాత్రం గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. 108కు ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి చేరండి. ఇక మీ ఎల్‌డీఎల్ ఎక్కువని తేలితే ఇంట్లో దాచకండి. తోడబుట్టినవాళ్లకు చెప్పండి, పద్దెనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఒకసారైనా పరీక్ష చేయించండి. మీకు యాభైలో తెలిసింది వాళ్లకు ఇరవైలో తెలిస్తే, వాళ్ల చేతిలో మరో ముప్పయ్యేళ్లు ఉంటాయి.